బంపరూ, యడాగమమూ



ఈ టపాలో సాహిత్యం పాలు తక్కువ. ఎక్కువ భాగం ఒక పాత కారు బంపరును గురించి. తెలుగు పండితుడికి బంపరుతో పనేమిటని కొందరు నవ్వవచ్చు. మా ఇంట్లో ఇప్పటికే నవ్వారు. అయినా ఓపికపట్టి చివరిదాకా చదవమని మనవి. దారిలో కొంచెం వ్యాకరణం కూడా తగులుతుంది.

పోయిన వర్షాకాలం మొదట్లో కారును నీళ్ళ సర్వీసింగుకు తీసికొని వెళ్ళాను. అక్కడి కుర్రవాడు గొట్టం ముందు బంపరు వైపు త్రిప్పాడో లేదో, ఉడికించిన చిలగడదుంప తోలు వచ్చినట్లు రంగు పొర లేచి వచ్చింది. మొదట అరచేయంత, ఆ తరువాత మూరెడు. ఆ కుర్రవాడు క్రింద పడిన ముక్కను ఏరి, జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, "ఇదుగోండి సారూ, మీ రంగు" అన్నాడు. పరిహాసానికి అనలేదు. పోగొట్టుకొన్న వస్తువును తిరిగి ఇస్తున్నట్లుగానే అన్నాడు.

ఆ రంగు వేయించి అప్పటికి నలభై రోజులు. ముక్కను వెనుకకు త్రిప్పి చూశాను. లోపలి వైపు కూడా బయటి వైపంత నున్నగా ఉంది. బంపరు తాలూకు గీత గాని, మరక గాని దానిమీద లేదు. నలభై రోజులు ఒకదాని మీద ఒకటి ఉండి కూడా ఆ రెంటికీ పరిచయమే కాలేదన్నమాట.

కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది 2006 నాటి శాంట్రో జింగ్, వెండి రంగు. 2010 వేతన సవరణ తరువాత చేతిలో కొంత సొమ్ము నిలిచినప్పుడు సెకండ్ హ్యాండులో కొన్నాను. సైకిలు మీదనే ఉద్యోగమంతా గడిపిన తెలుగు పండితుడు కారు కొనడం ఆనాడు మా స్టాఫ్ రూములో పెద్ద వార్త. 2019లో పదవీ విరమణ చేసిననాడు దండలతో సహా ఇంటికి వచ్చింది అందులోనే. పదిహేనేళ్ళు నిండాక, 2021లో, రిజిస్ట్రేషను మరో ఐదేళ్ళకు పొడిగించుకొన్నాను. మా అబ్బాయి అమ్మేయమంటాడు. నేను వినను. మొన్న వేసవిలో ముందు బంపరు మీది పాత రంగు నెరసి, చిట్లి, ఒక మూల పగులు కూడా కనిపించేసరికి, మా ఊళ్ళోనే ఒకచోట రంగు వేయించాను. ఏముంది, రంగే గదా అనుకొన్నాను. వేసినాయనా అలాగే అనుకొన్నాడు. పాత రంగంతా గీకి నల్లని ప్లాస్టిక్కును బయటపెట్టి, పగులులో లప్పం కూరి, తలుపులకూ బానెట్టుకూ వేసే ప్రైమరునే దానికీ వేసి, పైన రంగు కొట్టి ఇచ్చాడు. చూపులకు ముచ్చటగానే ఉండింది.

"విజయవాడ ఆటోనగరుకు తీసుకెళ్ళండి మాస్టారూ, అక్కడ బంపర్లు మాత్రమే చేసేవాళ్ళుంటారు" అని పొరుగాయన చెప్పగా, ఒక సోమవారం తెల్లవారుజామునే బయలుదేరాను.

ఆటోనగరును చూడనివారికి చెప్పడం కష్టం. లారీల చాసిస్‌లు ఒక వీధి, రేడియేటర్లు ఒక వీధి, సీట్లు కుట్టేవారు ఒక వీధి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేట. అడిగి అడిగి ఒక రేకుల షెడ్డు ముందు ఆపాను. గోడ పొడవునా బంపర్లు, బట్టల కొట్లో చీరలవలె, వరుసగా వ్రేలాడుతున్నాయి. నలభై అయిదేళ్ళు దాటిన మనిషి ఒకాయన ఊడిన రంగు అంచును గోటితో ఎత్తి చూసి, మూతి విరిచి, ఆ తరువాత నావైపు చూసి ఆగిపోయాడు.

"మాస్టారూ, మీరు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు గదండీ?"

"అవును నాయనా. నువ్వు..."

"నేనండీ, మాయగాణ్ణి."

నాకు గుర్తు రాలేదు. అతడు నవ్వుతూ చెప్పాడు. అప్పుడు గుర్తు వచ్చింది. వచ్చాక, రాకపోయినా బాగుండునని అనిపించింది.

1997లో కాబోలు, పదవ తరగతి. సంధులు చెబుతున్నాను. "మాయమ్మ" అని నల్లబల్ల మీద వ్రాసి విడదీయమంటే, వెనుక బెంచీలోని ఒక కుర్రవాడు లేచి "మాయ ప్లస్ అమ్మ" అన్నాడు. తరగతి ఘొల్లుమన్నది. నేనూ నవ్వి, "మీ అమ్మ మాయదట్రా?" అన్నాను. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. ఆ రోజు నుంచి అతణ్ణి "మాయగాడా" అని పిలవడం మొదలుపెట్టాను. పండితుడి చమత్కారం గదా, పిల్లలకు దొరికిన విందు. అర్ధసంవత్సర పరీక్షల తరువాత ఆ కుర్రవాడు బడికి రాలేదు. హాజరు పట్టీలో పేరు కొట్టివేశాను. ఎందుకు రావడంలేదని నేను అడగలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత అతడు ఆ పేరుతోనే తనను పరిచయం చేసికొన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు. నేను గుర్తుపట్టడానికి ఆ పేరే సులువని అనుకొన్నాడు, అంతే.

"కుర్చీ వెయ్యరా మా మాస్టారికి" అని లోపలికి కేకవేశాడు. నేను కూర్చోలేదు. పని నేనూ చేస్తాను, చూపించమన్నాను. అతడు వద్దన్నాడు. నేను పట్టుపట్టాను. మొత్తానికి మూడు రోజులు ఉదయం వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చేటట్లు కుదిరింది. ఆ మూడు రోజులలో నాకు తెలిసిన సంగతులు వరుసగా చెబుతాను.

మొదట, బంపరు అంటే ఏమిటి? మన చిన్ననాటి అంబాసిడరుకు ఉండే ఉక్కు బంపరు వేరు. దానికి మెరుగుపూత పూసేవారు. దెబ్బ తగిలితే సొట్ట పడేది, సుత్తితో సరిచేసేవారు. ఒంగి మళ్ళీ యథాస్థితికి వచ్చే బంపరును, అదీ కారు ఒంటి రంగులోనే, 1968లో అమెరికాలో పాంటియాక్ జీటీఓ అనే కారుకు పెట్టారు. తరువాత 1973 నుంచి అక్కడ తక్కువ వేగంతో తగిలే దెబ్బలకు దీపాలవంటివి చెడిపోకూడదని నిబంధన కూడా వచ్చింది. ఇప్పుడు మనకు బయటికి కనిపించేది నిజానికి తొడుగు మాత్రమే. దెబ్బను ఆపే దూలం దాని వెనుక ఎక్కడో ఉంటుంది. ఈ తొడుగు బొటనవ్రేలితో నొక్కితే లోపలికి పోతుంది, వదలితే వస్తుంది. ఆ గుణమే దాని బలం. రంగు వేసేవాడికి వచ్చే చిక్కంతా కూడా ఆ గుణంలోనే ఉంది.

బంపరును ఊడదీయడం గంట పని. బానెట్టు క్రింద స్క్రూలు, చక్రాల గూళ్ళలో స్క్రూలు, అంచుల వెంట ప్లాస్టిక్ క్లిప్పులు. ఇరవై ఏళ్ళ క్లిప్పులు గనుక రెండు నా చేతిలో విరిగాయి. "విరుగుతాయి మాస్టారూ, రూపాయల వస్తువులు" అని అతడు పక్కన పడేశాడు. కారు మీద ఉంచే రంగు వేస్తే అంచుల మడతలలోకి పని పోదనీ, ఊడడం ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుందనీ చెప్పాడు. ఈ మాట నేను ఎక్కడో పద్యపాదంలో చదివి ఉంటే గీత గీసి పెట్టుకొనేవాణ్ణి.

తలక్రిందులుగా పెట్టి లోపలి వైపు చూపించాడు. పోత పోసినప్పుడే పడిన చిన్న అక్షరాలున్నాయి. పీపీ ప్లస్ ఈపీడీఎం. అంటే పాలీప్రొపిలీన్, దానిలో కలిపిన ఒక రకం రబ్బరు. కొన్నింటి మీద టీడీ 20 అని కూడా ఉంటుంది. నూటికి ఇరవై పాళ్ళు టాల్కు పొడి కలిపారని దాని అర్థం. గుర్తు చెరిగిపోతే ఎలాగని అడిగాను. లోపలి అంచు నుంచి గోరంత ముక్క కోసి నీళ్ళ గ్లాసులో వేశాడు. అది తేలింది. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక. అందుకే తేలుతుంది. పాలీయురిథేన్, ఏబీఎస్ వంటివి మునుగుతాయి. టాల్కు పాలు ఎక్కువైతే పాలీప్రొపిలీన్ కూడా మునగవచ్చు గనుక, ఇది ఆధారమే తప్ప సిద్ధాంతం కాదు. "ముందు ఇది ఏ జాతిదో తెలియాలి మాస్టారూ, తర్వాతే రంగు సంగతి" అన్నాడు.

ఇక స్నానం. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, ఎర్రని నైలాను పీచు. పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్లు లోపలా బయటా రుద్దించాడు. కడిగించి, మళ్ళీ రుద్దించాడు. నేను గరుకు కాగితం అందుకోబోతే చెయ్యి పట్టుకొన్నాడు. జిడ్డు ఉండగా గీకితే ఆ జిడ్డంతా గీతలలోకి దిగుతుందట. దిగిన తరువాత ఎన్ని నీళ్ళు పోసినా రాదట.

"బంపరు మెరవడానికి ఏవన్నా పూస్తారా మాస్టారూ?"

పూస్తాను. పధ్నాలుగేళ్ళుగా, ప్రతి ఆదివారం, మెత్తని గుడ్డతో, మెరుపు నూనె. చాలా గర్వంగా చెప్పాను.

"అదీ సంగతి. దాంట్లో సిలికాన్ ఉంటది. రంగు దానిమీద నిలబడదు, చేపకళ్ళల్లే గుంటలు పడతాయి. మీ ప్రేమే దీనికి చేటయింది."

జిడ్డు తీసే ద్రావకంతో తుడవడానికి రెండు గుడ్డలు ఇచ్చాడు. ఒకటి తడిది, ఒకటి పొడిది. తడిదానితో తుడిచినచోట ఆరకముందే పొడిదానితో ఎత్తివేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. ఘాటైన థిన్నరు వాడవచ్చు గదా అంటే, అది ప్లాస్టిక్కులోకి ఇంకి, ఉబ్బించి, తరువాత రంగు క్రింద నుంచి బయటికి వస్తుందని చెప్పాడు. లోహం మీది రంగు ఊడగొట్టే రసాయనమూ ఇక్కడ పనికిరాదు. ప్లాస్టిక్కునే మెత్తబరుస్తుంది.

నలభై రోజుల నాటి రంగును తీయడం తేలిక. గాలి గొట్టం పెడితే సగం తనంతట తానే లేచింది. అక్కడక్కడ మిగిలిన ఫ్యాక్టరీ రంగు మాత్రం రాయిలాగా ఉంది. దానిని పూర్తిగా తీయనక్కరలేదనీ, గట్టిగా పట్టుకొన్నది మనకు మిత్రుడేననీ, అంచు మాత్రం గోటికి తగలకుండా పల్చబరచాలనీ చెప్పాడు. 320 నంబరు కాగితంతో అంచులు, తరువాత 400, చివర 600. అన్నీ నీళ్ళతోనే, మెల్లగానే. నేను తొందరపడి ఒకచోట ముతక కాగితంతో గట్టిగా రుద్దాను. ప్లాస్టిక్కు వేడెక్కి, నూగు లేచింది. పీచు మిఠాయిలాగా సన్నని పోగులు. వాటిమీద రంగు పడితే ప్రతి పోగూ కనిపిస్తుంది. అర్ధగంట కూర్చుని, 600తో ఆ నూగును నేనే దించవలసి వచ్చింది. దిద్దుబాటు వ్రాయించే అలవాటు ఉన్నవాడిని గనుక శిక్ష న్యాయమేననిపించింది.

మూల పగులును అతడే చూశాడు. పాత లప్పం పెచ్చుగా ఊడింది. ఆ లప్పం కారు ఒంటి సొట్టలకు వాడేది. ఆరాక రాయి అవుతుంది. బంపరు ఒంగినప్పుడు తాను ఒంగలేక చిట్లింది. అతడు పగులు చివర చిన్న రంధ్రం చేసి, వేడి పుల్లతో అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని కరిగించి అతికి, లోపలి వైపు సన్నని ఇనుప జాలీ పొదిగాడు. పైన పూసిన లప్పం బంపర్లకు వేరుగా వస్తుంది, ఆరినా సాగుతుంది. పని అయ్యాక నా వ్రేలిని పట్టుకొని ఆ మూలను నొక్కించాడు. లోపలికి పోయింది, వచ్చింది. చిట్లలేదు.

"ఒంగేదాని మీద ఒంగనిది పెడితే ఊడక ఏం జేస్తది మాస్టారూ" అన్నాడు, మామూలుగా. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండవ రోజు మధ్యాహ్నం అసలు రహస్యం బయటపడింది. మరొకమారు తుడిచి, ప్లాస్టిక్కు గుడ్డ రాపిడికి విద్యుత్తు పుట్టి దుమ్మును లాక్కొంటుంది గనుక తడి ఆరేదాకా ఆగి, ఒక చిన్న డబ్బా తీశాడు. వాళ్ళు దానిని పీపీ ప్రైమరు అంటారు. నీళ్ళవలె పల్చగా ఉంది, రంగు లేదు. పల్చని పొరగా ఒకసారి, కాసేపు ఆగి ఇంకొకసారి. అంతే. చూస్తే ఏమీ వేసినట్లే లేదు.

"మొన్న మీ ఊళ్ళో వెయ్యనిది ఇదే. ఇది లేకపోతే పైన బంగారం పూసినా నిలవదు."

ఎందుకని అడిగితే అతడికి తెలిసినంత చెప్పాడు. మిగిలినది ఇంటికి వెళ్ళి చదివి తెలిసికొన్నాను. పాలీప్రొపిలీన్ అణువుల పైభాగాన రంగు పట్టుకోవడానికి కొక్కెం వంటిదేదీ లేదు. దానిమీద నీటిబొట్టు కూడా పరచుకోదు, తామరాకు మీది బొట్టులాగా ముడుచుకొంటుంది. రంగుదీ అదే గతి. గరుకు చేసినంత మాత్రాన చాలదు. ఫ్యాక్టరీలలో అయితే మంటను ఆ ఉపరితలం మీదుగా క్షణకాలం నడిపించి దాని స్వభావాన్ని కొంచెం మారుస్తారు, లేదా ఇటువంటి ప్రైమరే పూస్తారు. ప్రైమరులో ఉండేది క్లోరిన్ చేర్చిన, ఆ ప్లాస్టిక్కు జాతికే చెందిన పదార్థం. సగం బంధుత్వం ప్లాస్టిక్కుతో. అందుచేత దాని చర్మంలో కలిసి కూర్చుంటుంది. క్లోరిన్ చేరడం వల్ల వచ్చిన మిగతా సగం బంధుత్వం రంగుతో. ఇద్దరి చేతులూ తాను పట్టుకొంటుంది.

మిత్రులారా, ఇక్కడే నాకు వ్యాకరణం గుర్తు వచ్చింది. రెండు అచ్చులు ఎదురైనప్పుడు సంధి జరిగితే సరే. జరగనిచోట? రెండూ ఎడమొగం పెడమొగంగా ఉండిపోవలసిందేనా? కాదు. వాటి నడుమ ఒక యకారం వచ్చి నిలుస్తుంది. యడాగమం. మా, అమ్మ కలిసి మాయమ్మ. ఆదేశం శత్రువులాగా వచ్చి ఉన్న అక్షరాన్ని లేపి దాని చోట తాను కూర్చుంటుంది. ఆగమం మిత్రుడిలాగా వచ్చి ప్రక్కన నిలబడుతుంది. ఈ పాఠం మా గురువులు నాకు చెప్పారు, నేను ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు చెప్పాను. యడాగమం కళ్ళతో చూడడం మాత్రం ఆటోనగరులో ఆ డబ్బా మూత తీసిననాడే.

"ఒరే నాయనా, ఆనాడు నువ్వు మాయ ప్లస్ అమ్మ అన్నావు చూశావూ..." అని మొదలుపెట్టాను. క్షమించమని అడగాలని నా ఉద్దేశం. పద్యాలకు తడుముకోని నోరు అక్కడ తడబడింది.

"తప్పే చెప్పాలెండి మాస్టారూ. మా ఇంటో మాయమ్మ అనే అంటాం. మా, అమ్మ అని విడిగా నేనెప్పుడూ వినలా. పుస్తకంలోనే చూశా. అందుకని రెండు ముక్కలు చెయ్యమంటే ఏదో ఒకచోట తుంచా."

"నేను అలా పిలిచి ఉండవలసింది కాదు."

"బడి మానింది దానికి కాదులెండి. మా నాన్న మంచం పట్టాడు, నేను షెడ్డులో చేరా." ఒక్క క్షణం ఆగి, "కాకపోతే మీరొచ్చి అడుగుతారేమోనని నాలుగు రోజులు చూశా" అన్నాడు. అని లేచి, తుపాకీ కడగడానికి వెళ్ళాడు.

అతడి చదువు ఆగినది నా వల్ల కాదని తెలిసింది. ఊరట కలగవలసింది. కలగలేదు. ఆ నాలుగు రోజులు నాకిప్పటికీ జీర్ణం కావడం లేదు. సూత్రం నా నోట్లో ఉంది, ఆ సూత్రానికి ఆధారమైన భాష వాళ్ళమ్మ నోట్లో ఉంది. ఆ సంగతి తెలియక నేను నవ్వాను.

మూడవ రోజు పైపూతలు. ముందు రెండు పాళ్ళుగా కలిపే ప్రైమరు, అది ఆరాక 800 కాగితంతో తడి రుద్దుడు, తరువాత వెండి రంగు, దానిమీద క్లియరు. వెండి రంగులో సన్నని అల్యూమినియం రేకలుంటాయి. అవి పడుకొనే తీరును బట్టి ఛాయ మారుతుంది. బంపరు ఛాయ పక్కనున్న ఇనుప రేకుతో నూటికి నూరు పాళ్ళు కలవడం అరుదని అతడు ముందే చెప్పాడు. క్లియరులో సాగే గుణం కోసం ఒక ద్రవం కలుపుతారు. కొన్ని కంపెనీల క్లియరు తనంతట తానే సాగుతుంది, కలపనక్కరలేదు. ఏది ఏమిటో డబ్బా మీద వ్రాసి ఉంటుంది.

ఆ డబ్బా మీద వ్రాతే నన్ను ఆపింది. పొడి అక్షరాల ఇంగ్లీషు. "అంత సన్నవి ఎవరు చదువుతారు మాస్టారూ" అన్నాడు. నేను కళ్ళజోడు సరిచేసికొని హార్డెనరు డబ్బా చదివాను. ఐసోసైనేటులు ఉన్నాయని ఉంది. పీలిస్తే ఉబ్బసం రావచ్చునని ఉంది. చదువుతూండగానే అతడు చేతి రుమాలు ముక్కుకు చుట్టుకొని తుపాకీ ఎత్తాడు. రెండు రోజులుగా అతడి దగ్గు వింటూనే ఉన్నాను.

ఆపమన్నాను. ఆగాడు. బహుశా పాత అలవాటు వల్ల కావచ్చు.

"రంగు పనోళ్ళందరికీ దగ్గుంటది మాస్టారూ. సాయంత్రం బెల్లం ముక్క తింటే గొంతు శుభ్రమైపోద్ది."

బెల్లం గొంతులోకి పోతుంది, ఆ తుంపరలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రుమాలు దుమ్మును ఆపవచ్చు గాని ఆ ఆవిరిని ఆపదు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ పిమ్మట కొద్దిపాటి తాకిడికే ఆయాసం వస్తుంది. రంగులు చిమ్మే పనివారికి వచ్చే ఉబ్బసంలో ఇది మొదటి ముద్దాయి. దీనికి సరియైన రక్షణ శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా ముఖానికి అందించే ముసుగు. ఇవన్నీ చెప్పాను. ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకోమన్నాను. అతడు విన్నాడు. "చూద్దాంలెండి" అన్నాడు. కుర్రవాళ్ళను దూరంగా పంపి, తాను మాత్రం ఆ రోజుకు రుమాలుతోనే కానిచ్చాడు. నా బంపరు కోసమే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని, పని వరుసా జాగ్రత్తలూ ఒక పెద్ద కాగితం మీద తెలుగులో వ్రాశాను. వారం తరువాత బంపరు బిగించుకోవడానికి వెళ్ళినప్పుడు తీసికొని వెళ్ళాను. షెడ్డులో కుర్రవాడొకడు పైకి చదవడం మొదలుపెట్టాడు. "ఉపరితలమును నిర్మలమొనర్చి, తదనంతరము..." అక్కడ ఆగిపోయాడు. మా శిష్యుడు కాగితం అందుకొని చూసి, మెల్లగా అన్నాడు.

"మాస్టారూ, అట్టా రాస్తే ఊడిపోద్దండీ."

అక్కడే కూర్చుని మళ్ళీ వ్రాశాను. అతడు చెబుతుంటే వ్రాశాను. గోడకు అతికించినది ఇది:

1. లోపల గుర్తు చూడు. పీపీ అని ఉంటే పీపీ ప్రైమర్ లేకుండా రంగు ముట్టుకోవద్దు.
2. సబ్బుతో రెండుసార్లు కడుగు. జిడ్డు పోకముందు గీకొద్దు.
3. తడి గుడ్డ, పొడి గుడ్డ. ఆరకముందే ఎత్తు.
4. 320, 400, 600. నీళ్ళతో, మెల్లగా. నూగు లేస్తే ఆగు.
5. బంపర్ లప్పమే వాడు. మామూలు లప్పం చిట్లుద్ది.
6. పీపీ ప్రైమర్ పల్చగా. దాన్ని గీకొద్దు. డబ్బా మీద చెప్పిన టైములోపే పై పూత వెయ్యి.
7. హార్డెనర్ కలిపినాక మాస్కు లేకుండా గన్ ఎత్తొద్దు. రుమాలు మాస్కు కాదు.
8. దగ్గు వస్తే బెల్లం కాదు, డాక్టరు.

ఎనిమిదవది నేను పట్టుపట్టి చేర్చినది. మిగిలిన వాక్యాలలో నావి రెండో మూడో. నా జీవితంలో ఎన్నో వ్యాసాలు వ్రాశాను. చదివినవాడు ఆ వెంటనే లేచి ఆ పని చేసే వాక్యాలు వ్రాయడం ఇదే మొదలు. మొదటి పూతకూ, పసిపిల్లలకు అక్షరాలు నేర్పే మొదటి పుస్తకానికీ ఇంగ్లీషులో ఒకే విధంగా వ్రాసే మాట ఉంది. ప్రైమరు. ఈ వయసులో నేను వ్రాసిన మొదటి ప్రైమరు అదేననుకొంటాను.

బంపరు సంగతి. బిగించే ముందు, లోపలికి మడిచి ఉండే అంచు మీద అతడు బ్లేడుతో గళ్ళు గీసి, టేపు అంటించి, ఒక్క గుంజు గుంజాడు. టేపు ఖాళీగా వచ్చింది. ఒక్క గడి కూడా లేవలేదు. ఆ తరువాత రెండుసార్లు నీళ్ళ సర్వీసింగు అయింది. ఛాయ ఒక పిసరు తేడాగానే ఉంది. ఎండలో చూస్తే తెలుస్తుంది. మా ఇంటావిడ మొదటి రోజే కనిపెట్టింది. ఆదివారాలు మెరుపు నూనె మానేశాను, సబ్బునీళ్ళతో సరి.

పోయిన నెల విజయవాడలో పని ఉండి ఆ వైపు వెళ్ళాను. అతడు బయటికి వెళ్ళాడట, కనిపించలేదు. కాగితం గోడ మీదనే ఉంది, అంచులు వంకర తిరిగాయి. ప్రక్కన మేకుకు ఒక ముసుగు తగిలించి ఉంది. గాలి గొట్టం ఉన్నది కాదు, రెండు బుడ్లున్న చౌక రకం. ఉండవలసినంత రక్షణ దానికి లేదని నాకు తెలుసు. అయినా దగ్గరికి వెళ్ళి చూశాను. దానిమీద వెండి రంగు తుంపరలు, ఎరుపు తుంపరలు, తెలుపు తుంపరలు ఉన్నాయి. వాడుతున్నాడన్నమాట. డాక్టరు దగ్గరికి వెళ్ళాడో లేదో కుర్రవాళ్ళకు తెలియదన్నారు.

ఈసారి నేను వెళ్ళి అడుగుతాను. నాలుగు రోజులు ఆగను.